విజయనగరం నుంచి రోమ్ దాకా: మా యూరప్ ఖర్చు లెక్క

మా ఇంట్లో ఏ పెద్ద ప్రయాణమైనా పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవాన్ని చూసుకునే ఖాయం చేస్తాం. దసరా వెళ్లాక వచ్చే మంగళవారానికి అత్తయ్య విజయనగరంలో ఉండి తీరాలి. అందుకే 2025లో యూరప్‌కి సెప్టెంబరులో వెళ్లాం. ఖర్చు పరంగానూ అది మంచి నెల. జులై, ఆగస్టుల్లో అక్కడి వాళ్లకే సెలవులు కాబట్టి హోటళ్ల ధరలు మండిపోతాయి. సెప్టెంబరు సగానికి రద్దీ తగ్గుతుంది, చలి ఇంకా ముదరదు. పాపకి బడి పోతుందన్న బాధ ఒక్కటే మిగిలింది.

మొదట విశాఖలో ఒక ట్రావెల్ ఏజెన్సీని అడిగాం. తలకి రెండున్నర లక్షల పైన చెప్పారు. రోజుకో ఊరు, పొద్దున్న ఆరింటికల్లా బస్సు. అత్తయ్య మోకాళ్లకి అది కుదిరే పని కాదు. పైగా ప్యాకేజీ కొంటే అప్పటి నిబంధన ప్రకారం 5 శాతం టీసీఎస్ (ఏజెన్సీ మన దగ్గర వసూలు చేసే ఆదాయపు పన్ను) ముందే కట్టాలి. రిటర్ను వేసినప్పుడు సర్దుబాటు అవుతుంది గానీ, బయల్దేరేముందు చేతిలో డబ్బు ఆ మేరకు తగ్గిపోతుంది. యూరప్‌లో ఊరు మారిన ప్రతిసారీ రైలు, ట్యాక్సీ, సామాను మోత, సగం రోజు పోతాయి. మూడే ఊళ్లు అనుకున్నాం: పారిస్, స్విట్జర్లాండ్‌లోని లూసర్న్, రోమ్. పారిస్‌లో దిగి రోమ్ నుంచి తిరిగొచ్చేలా విమానం టికెట్లు తీసుకున్నాం. మళ్లీ పారిస్ దాకా వెనక్కి వచ్చే ఖర్చు తప్పింది.

డబ్బు రికరింగ్ డిపాజిట్‌లో నెలనెలా కూడబెట్టింది. ఇది వీసాకి కూడా పనికొచ్చింది. దరఖాస్తు ముందు ఖాతాలో ఒక్కసారిగా లక్షలు వచ్చి పడితే వీసా వాళ్లకి అనుమానం వస్తుంది. షెంగెన్ వీసా (యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఒకటే వీసా) ఫీజు పెద్దలకి 90 యూరోలు, 6 నుంచి 12 ఏళ్లలోపు పిల్లలకి 45. మేం వెళ్లేటప్పటికి యూరో వంద రూపాయలు దాటేసింది. సేవా రుసుము దీనికి అదనం. ఆరోగ్య బీమా కనీసం 30,000 యూరోలకి ఉండాలి. అత్తయ్య వయసుకి ప్రీమియం మా అందరికంటే ఎక్కువైంది, అక్కడ మాత్రం బేరం చూడలేదు. ఎక్కువ రాత్రులు ఏ దేశంలో ఉంటామో ఆ దేశానికే దరఖాస్తు చేయాలి. మాకు అది ఫ్రాన్స్. వేలిముద్రల కోసం విశాఖ ఎక్స్‌ప్రెస్‌లో హైదరాబాద్ వెళ్లొచ్చిన ఖర్చు కూడా లెక్కలో రాసుకోవాలి. మనవైపు వాళ్లు దీన్ని మర్చిపోతుంటారు.

సామాను సర్దేటప్పుడే అసలు చర్చ. అత్తయ్య కోడి పచ్చడి, నెయ్యి సీసా సిద్ధం చేశారు. ఐరోపా సమాఖ్యలోకి బయటినుంచి వచ్చేవాళ్లు మాంసం, పాల పదార్థాలు తీసుకెళ్లకూడదు. పచ్చి కరివేపాకు కూడా ధ్రువపత్రం లేకుండా కుదరదు. "ఏటమ్మా, నెయ్యి కూడా వద్దంటారా?" అని ఆవిడ చాలా బాధపడ్డారు. చివరికి కందిపొడి, ఆవకాయ, పలాస జీడిపప్పు, భీమాలి తాండ్ర వెళ్లాయి.

పారిస్‌లో వంటగది ఉన్న గది తీసుకోవడం మా బడ్జెట్‌ని నిలబెట్టింది. సూపర్‌మార్కెట్‌లో బియ్యం, కూరగాయలు, పెరుగు కొనుక్కుని పొద్దున్నే వండుకునేవాళ్లం. బయట మనిషికి పదిహేను యూరోలు పెట్టినా అత్తయ్యకి నచ్చే తిండి దొరకదు. లూవ్ర్ మ్యూజియంలో 18 ఏళ్లలోపు వాళ్లకి ప్రవేశం ఉచితం. మంగళవారం సెలవు, అది చూసుకుని వెళ్లాలి. కార్డు గీకినప్పుడు యంత్రం రూపాయల్లో కట్టమంటారా అని అడిగితే ఎప్పుడూ యూరోలే నొక్కాలి. రూపాయలు నొక్కితే మారకం రేటు వాళ్లిష్టం.

స్విట్జర్లాండ్‌లో చాలా ఆలోచించాం. షెంగెన్ వీసా చెల్లుతుంది గానీ డబ్బు ఫ్రాంకులు. మంచుకొండల్లో ఎత్తున ఉన్న యుంగ్‌ఫ్రాయోఖ్ చూడాలని పాప పట్టు. అక్కడి రైలుకే మనిషికి చాలా ఎక్కువ అవుతుంది. దాని బదులు రీగీ కొండ ఎంచుకున్నాం. స్విస్ ట్రావెల్ పాస్ ఉంటే లూసర్న్ నుంచి పడవ, కొండెక్కే రైలు రెండూ అందులోనే వస్తాయి. 6 నుంచి 15 ఏళ్ల పిల్లలు తల్లిదండ్రులతో ఉచితం. విట్స్‌నావ్ నుంచి ఎక్కే ఆ రైలు 1871లో మొదలైంది, యూరప్‌లో మొదటి కొండ రైలు. పళ్ల చక్రం మీద అది నెమ్మదిగా ఎక్కుతుంటే, కింద సరస్సు, పక్కన గంటలు కట్టిన ఆవులు. అత్తయ్య అరకు రైలు గుర్తొస్తోందన్నారు. పైన మబ్బు విడిపోయి మంచుకొండల వరస మొత్తం కనిపించింది. పాప యుంగ్‌ఫ్రాయోఖ్ మాట మళ్లీ ఎత్తలేదు. మొత్తం ప్రయాణంలో నాకు బాగా నచ్చింది ఆ పూటే.

అక్కడినుంచి 57 కిలోమీటర్ల గొట్టార్డ్ సొరంగం మీదుగా మిలన్, మిలన్ నుంచి వేగపు రైల్లో రోమ్. ఇటలీ వేగపు రైళ్ల టికెట్లు తేదీ దగ్గరపడేకొద్దీ పెరుగుతాయి. విమానం ఖాయమైన వారంలోనే ఇవి కూడా కొనేశాం.

రోమ్‌లో నీళ్ల సీసాలు కొనక్కర్లేదు. వీధుల్లో నాసోని అనే ఇనప కుళాయిలుంటాయి, ఎప్పుడూ చల్లటి మంచినీళ్లు. సెయింట్ పీటర్స్ చర్చిలోకి ప్రవేశం ఉచితం. మేం వెళ్లినప్పుడు బస్సు టికెట్ 1.50 యూరో, వంద నిమిషాలు పనిచేసేది. హోటల్లో తలకి, రాత్రికి ఇంత అని ఊరి పన్ను విడిగా కట్టించుకుంటారు. బుకింగ్ ధరలో అది చాలాసార్లు కనిపించదు.

మొత్తం నలుగురికి ఎనిమిది లక్షల లోపు అయింది. అందులో పదో వంతు దేనికీ కేటాయించకుండా అట్టిపెట్టాం, అది ఎక్కువగా రోమ్‌లో ట్యాక్సీలకే వెళ్లింది. కొలోసియం దగ్గర రాళ్లు పరిచిన దారిలో అత్తయ్య నడవలేకపోయారు. "డబ్బులు దండగమ్మా, బస్సెక్కుదాం" అంటున్నా మా ఆయన ట్యాక్సీ పిలిచారు. పారిస్‌లో వండుకుని మిగిల్చింది ఇందుకే అని చెప్తే ఎక్కి కూర్చున్నారు. మర్నాడు సెయింట్ పీటర్స్ చర్చి మొత్తం తిరిగి చూశారు.