గ్లైడర్ విసిరినవాడి నెత్తికే ఎందుకొస్తుంది?

గుంటూరు చుట్టుపక్కల పొలాల్లో రిమోట్ గ్లైడర్ (ఇంజిన్ లేకుండా గాల్లో తేలే బొమ్మ విమానం) నేర్చుకునేవాళ్లకి ఓ తమాషా తప్పదు. విసిరిన గ్లైడర్ ముక్కు పైకెత్తి, వెనక్కి తిరగబడి, విసిరినవాడి నెత్తికే వస్తుంది. చూసే పిల్లకాయలకి పండగే.

ఎక్కువసార్లు తప్పు తోక బరువుదే. రెక్క వెడల్పులో ముందు అంచు నుంచి మూడో వంతు దగ్గర రెండు వేళ్ల మీద నిలపండి. ముక్కు కాస్త కిందికి వాలాలి. వాలకపోతే బ్యాటరీ ముందుకు జరపండి, అదీ చాలకపోతే ముక్కులో సీసం ముక్క పెట్టండి. ఎలివేటర్ (ముక్కును పైకీ కిందికీ తిప్పే తోక పలక) కూడా చూసుకోండి: రిమోట్ స్టిక్ వెనక్కి లాగితే ఆ పలక పైకి లేవాలి. అది రివర్సులో ఉంటే మొదటి విసురే ఆఖరిది.

విసరడం గాలికి ఎదురుగా, నేలకు సమాంతరంగా. ఆకాశంలోకి విసిరితే వేగం చచ్చి, స్టాలై (రెక్కలు మోసే బలం పోయి), ముక్కు మీద కూలుతుంది. చాలామంది చేసేది ఇదే.

మనవైపు వస్తున్నప్పుడు కుడి ఎడమలు తారుమారవుతాయి. ఏ రెక్క కిందికి వంగితే స్టిక్ అటే నెట్టండి, ఆలోచించే తీరిక ఉండదు.

మార్చిలో అయితే మిరప కల్లాలు గాలివాటుకు ఉన్నచోట అసలు ఎగరెయ్యొద్దు. ఎండుమిరప మీద దిగిందంటే తీసుకురావడానికి వెళ్లినవాడికి తుమ్ములూ, రైతు చేత తిట్లూ!