గండమ్: బొమ్మల కంపెనీ షరతుల నడుమ పుట్టిన యుద్ధగాథ

1970లలో జపాన్ టీవీలో వచ్చిన రోబో కార్టూన్లకు చాలావరకు డబ్బు పెట్టింది బొమ్మల కంపెనీలే. వారానికొక కొత్త శత్రువు రావాలి, రంగురంగుల రోబో వాడిని ఓడించాలి, అది చూసిన పిల్లలు ఇంట్లో మారాం చేసి ఆ బొమ్మను కొనిపించుకోవాలి. 1979 ఏప్రిల్ 7న నగోయా టీవీలో మొదలైన ‘మొబైల్ సూట్ గండమ్’ కూడా ఈ ఏర్పాటులోనే పుట్టింది. దాని ప్రధాన స్పాన్సర్ క్లోవర్ అనే బొమ్మల కంపెనీ. కాదనలేని షరతులకు కథలోనే బలమైన కారణాలు వెతకడం వల్లనే ఈ సీరియల్‌కు అంత గొప్పతనం వచ్చిందని నేను గట్టిగా నమ్ముతాను.

దీన్ని తీసిన సన్‌రైజ్ స్టూడియోను 1972లో స్థాపించినవారు ప్రసిద్ధ కామిక్స్ కళాకారుడు ఒసాము తెజుకా నెలకొల్పిన ముషి ప్రొడక్షన్‌ స్టూడియో నుంచి బయటికి వచ్చినవారు. దర్శకుడు యోషియుకి తొమినో కూడా అక్కడే ‘ఆస్ట్రో బాయ్’తో పని నేర్చుకున్నారు. అంతకుముందు 1977లో క్లోవర్ కోసమే తీసిన ‘జాంబాట్ 3’లో ఆయన, రోబోల పోరాటం మధ్య నలిగిపోయే సామాన్యులను, చివరికి కథానాయకుడి కుటుంబంలోని చావులను కూడా చూపించారు. గండమ్‌కు పునాది అక్కడే పడింది.

ఈసారి రోబోను అద్భుత శక్తిగా కాక, సైన్యం కర్మాగారాల్లో తయారుచేసుకునే ఆయుధంగా ఊహించారు. ఒక అమెరికన్ సైన్స్ ఫిక్షన్ నవల జపనీస్ అనువాదానికి స్టూడియో న్యూ అనే సంస్థ చిత్రకారులు గీసిన కవచధారి సైనికుల చిత్రాలు ఈ ఊహకు ప్రేరణ. అయితే మనిషి ఒంటిమీది కవచం పిల్లలకు అమ్మదగిన రోబోగా కనిపించదు కనుక, అది 18 మీటర్ల ఎత్తు యంత్రమైంది. కథానాయకుడి రోబో అయిన గండమ్‌ను తెలుపు, బూడిద రంగుల్లోనే ఉంచాలని తొమినో కోరుకున్నారు. బొమ్మగా అమ్ముడుపోవాలంటే మెరిసే రంగులు కావాలని స్పాన్సర్ పట్టుబట్టారు. చివరికి తెల్లని ఒంటికి ఎరుపు, నీలం, పసుపు రంగులు చేరాయి.

శత్రుపక్షానికి చెందిన జాకు అనే రోబో సంగతి వేరు. శత్రువుల బొమ్మలు అమ్మే ఆలోచన లేకపోవడంతో, యంత్రాల రూపకర్త కునియో ఒకవారాకు అక్కడ పూర్తి స్వేచ్ఛ దొరికింది. ముదురు ఆకుపచ్చ రంగు, ఒంటి చుట్టూ గొట్టాలు, ముఖంలో అటూ ఇటూ కదిలే ఒకే ఒక్క కన్ను, ఇలా రూపుదిద్దుకున్న జాకును చూస్తే మొత్తం సీరియల్‌లో అత్యంత సహజమైన యుద్ధయంత్రం అదేననిపిస్తుంది. ఎవరూ పట్టించుకోని మూలనే కళాకారుడి చేయి అంత నిశ్చింతగా కదలడం నన్ను ఇప్పటికీ కదిలిస్తుంది.

అంతరిక్షయుద్ధంలో రాకెట్లు ఉండగా రోబోలు కత్తులు దూసుకోవడమేమిటన్న ప్రశ్నకు కూడా బృందం జవాబు సిద్ధం చేసుకుంది. రాడార్లను పనిచేయనివ్వని మినోవ్‌స్కీ కణాలను కల్పించింది. దాంతో శత్రువును కంటితో చూసి, దగ్గరికెళ్లి పోరాడక తప్పదు. విడిపోయి మళ్లీ కలిసే రోబోలకు బొమ్మల దుకాణాల్లో గిరాకీ ఉన్న కాలంలో, గండమ్ నడుములో ఇమిడే చిన్న విమానం పెట్టి, దాన్ని పైలట్ ప్రాణాలు కాపాడే సాధనంగా మార్చారు. చివరి ఎపిసోడ్‌లో గండమ్ పైలట్, పదిహేనేళ్ల అమురో తన సహచరులను చేరుకునేది ఆ విమానంలోనే.

రేటింగులు పెరగలేదు, బొమ్మలు అమ్ముడుపోలేదు. 52 ఎపిసోడ్లుగా అనుకున్నది 43కు కుదించి, 1980 జనవరి 26న ముగించారు. పాత్రలకు రూపమిచ్చిన యోషికాజు యసుహికో చివరి దశలో అనారోగ్యంతో ఆసుపత్రి పాలవడంతో ఆ ఎపిసోడ్లలో చిత్రాల తీరు తడబడుతుంది. కానీ పునఃప్రసారాలతో అభిమానులు పెరిగారు. 1980 జులైలో బందాయ్ అనే మరో బొమ్మల కంపెనీ 300 యెన్‌లకు తెచ్చిన ప్లాస్టిక్ మోడల్ కిట్‌కు విపరీతమైన గిరాకీ ఏర్పడింది. ఆ వరుసలో జాకు కిట్లు కూడా అమ్ముడుపోవడం ఒకవారా పనితనానికి దక్కిన న్యాయం.

1981, 82లలో ఈ సీరియల్‌ను మూడు సినిమాలుగా కూర్చినప్పుడు, స్పాన్సర్ కోసం చేర్చిన జీ-ఆర్మర్ అనే అదనపు యంత్రాన్ని తొమినో తీసేశారు. కోలుకున్న యసుహికో మూడో సినిమా కోసం చాలా దృశ్యాలను కొత్తగా గీశారు. గీసిన చిత్రాల అందం దృష్ట్యా సినిమాలే మేలు. అయినా మొదటిసారి చూసేవారికి నేను టీవీ సీరియల్‌నే సూచిస్తాను. కథానాయకుల అంతరిక్ష యుద్ధనౌకలో ఉప్పు నిండుకుందని వంటవాడు తముర దిగులుపడితే, దానికోసం నౌక లోప్ నోర్ అనే ఉప్పు సరస్సు దారి పట్టే ఎపిసోడ్ అందులో ఉంది. యుద్ధంలో ఆకలి, అలసట ఎలా ఉంటాయో చెప్పే అలాంటి కథలకు కావలసిన తీరిక 43 వారాల సీరియల్‌కే ఉంటుంది.