నేను క్లాసులో వినని మాష్టారు

సినిమాల్లో మనందరినీ నవ్వించిన ఎమ్మెస్ నారాయణ గారు నాకు పాఠం చెప్పలేదు. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే మన కాలేజీ వాళ్లు చదివే ఈ సంచికలో ఆయన గురించి రాసే హక్కు నా కంటే సీనియర్లకే ఎక్కువ ఉంది. మన భీమవరం కె.జి.ఆర్.ఎల్. కాలేజీలో ఆయన తెలుగు లెక్చరర్‌గా చేసిన రోజుల్లో క్లాసులో కూర్చుని విన్నది వాళ్లు. 1995లో నేను డిగ్రీలో చేరేసరికి ఆయన సినిమాల వైపు వెళ్లిపోయారు. అయినా ఇరవై ఏళ్లకు పైగా తెలుగు చెప్పి బతుకుతున్నదాన్ని. పాఠం ఎలా చెప్పాలో నేను ఎక్కువగా నేర్చుకున్నది ఆయన దగ్గరే అనిపిస్తుంది. అందుకే రాస్తున్నాను.

మాది అత్తిలి దగ్గర ఊరు. రోజూ పొద్దున్నే నిడదవోలు వైపు నుంచి వచ్చే ప్యాసింజరెక్కి భీమవరం టౌన్ స్టేషన్లో దిగేవాళ్లం. ఆ బండిలో మా అమ్మాయిల గుంపుకి ఒక గొప్ప ఉండేది. ఎక్కేది బ్రహ్మానందం గారి ఊళ్లో, దిగేది ఎమ్మెస్ గారి ఊళ్లో. బ్రహ్మానందం గారు సినిమాల్లోకి వెళ్లకముందు అత్తిలి కాలేజీలో తెలుగు లెక్చరర్. ఆయన పుట్టింది సత్తెనపల్లి వైపు అయినా ఇంటరు, డిగ్రీ చదివింది భీమవరం డి.ఎన్.ఆర్. కాలేజీలోనే. ఇక ఎమ్మెస్ గారైతే మన కాలేజీలోనే పాఠం చెప్పారు. తెలుగు సినిమాలో జనాన్ని ఎక్కువగా నవ్వించినవాళ్లలో ఇద్దరు, ఒకే రైలు మార్గం మీద రెండు ఊళ్లలో తెలుగు చెప్పినవాళ్లే. అప్పట్లో మాకది సరదా కబురు. ఆలోచించాల్సిన విషయమని చాలా ఏళ్ల తర్వాతగానీ తట్టలేదు.

ఆయన అసలు పేరు మైలవరపు సూర్యనారాయణ. 1951 ఏప్రిల్ 16న నిడమర్రులో పుట్టారు. అప్పుడది మన పశ్చిమ గోదావరి, జిల్లాలు విడగొట్టాక ఏలూరు జిల్లాలోకి వెళ్లింది. రైతు కుటుంబం, ఇంటి నిండా పిల్లలు. ఆ కాలంలో అలాంటి ఇంటి కుర్రాడు హైస్కూలు అయ్యాక పొలానికి పోవాలి, లేకపోతే త్వరగా ఉద్యోగం వచ్చే చదువేదో చూసుకోవాలి. ఆయన వెళ్లి పత్తేపురం ఓరియంటల్ కాలేజీలో భాషా ప్రవీణలో చేరారు.

భాషా ప్రవీణ అంటే ఏమిటో ఇప్పటి పిల్లలకి తెలీదు కాబట్టి కాస్త చెప్తాను. అది ప్రాచ్య భాషల చదువు. తెలుగు, దానితోపాటు సంస్కృతం. చిన్నయసూరి వ్యాకరణ సూత్రాలు కంఠతా రావాలి. పద్యం చూడగానే గణాలు విడదీయాలి, యతి ఎక్కడ పడిందో చెప్పాలి. పద్యాన్ని పైకి చదవడం రావాలి. అంటే ఎక్కడ ఊపిరి తీసుకోవాలో, ఏ మాట దగ్గర ఆగితే అర్థం చెడుతుందో, ఏ మాటను సాగదీస్తే చెవికి ఇంపుగా ఉంటుందో తెలియాలి. అన్నిటికంటే ముఖ్యం అన్వయం. పద్యంలో మాటలు ఎక్కడివక్కడ చెల్లాచెదురుగా ఉంటాయి. ముందు క్రియ పట్టుకోవాలి, తర్వాత కర్త, ఆ తర్వాత మిగతావన్నీ వాటి చోట్లలోకి తెచ్చుకోవాలి. కొన్నేళ్లపాటు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇదే పని. బయటవాళ్లకి చాదస్తంలా కనిపించే చదువది.

పరుచూరి గోపాలకృష్ణ గారు అప్పుడు పత్తేపురంలో లెక్చరర్. ఆయనా తెలుగు మాష్టారే, తర్వాత తన అన్న వెంకటేశ్వరరావు గారితో కలిసి వందల సినిమాలకు మాటలు రాసినవారు. ఆయన శిష్యరికం వల్లే ఎమ్మెస్ గారికి రాయడం మీద గురి కుదిరింది. అక్కడే తనతోపాటు చదివిన కళాప్రపూర్ణ గారిని ప్రేమించి పెళ్లి చేసుకున్నారు. ఇంటికి కావాల్సిన మనిషి, చేతికి కావాల్సిన కలం, నోటికి కావాల్సిన పద్యం, మూడూ ఆ చిన్న పల్లెటూరి కాలేజీలోనే దొరికాయి ఆయనకి. ఇప్పుడు ఓరియంటల్ కాలేజీలు ఒక్కొక్కటే మూతపడుతున్నాయని విన్నప్పుడల్లా నాకు పత్తేపురం గుర్తొచ్చి మనసు పాడవుతుంది.

తర్వాత మన కాలేజీలో ఉద్యోగం. జీతం ఉంది, ఊళ్లో మర్యాద ఉంది. ఆ పక్కన కథలు రాసుకుంటూ, సినిమా వాళ్లకి వినిపించడానికి తిరుగుతూ ఉండేవారు. కొన్ని సినిమాలకు రచయితగా పనిచేశారు. తెర మీదికి రావడం మాత్రం అనుకోకుండా జరిగింది. రవిరాజా పినిశెట్టి గారికి కథ చెప్తుంటే, కథ సంగతి ఎలా ఉన్నా, చెప్పే మనిషి తీరు ఆయనకు నచ్చింది. 1994లో ‘ఎం. ధర్మరాజు ఎం.ఎ.’లో వేషం ఇచ్చారు. మరుసటి ఏడు ‘పెదరాయుడు’లో ఇంకొకటి. నేను కాలేజీలో చేరిన వేసవిలో ఊరంతా ఆ సినిమా మోతే. అందులో మన మాష్టారు కాసేపు కనిపిస్తారని ఫస్టియర్ వాళ్లం ఒకళ్లకొకళ్లం చెప్పుకున్నాం.

కథ చెప్తుంటే వేషం రావడం అన్నది నాకు చాలా ఇష్టమైన సంగతి. నలభై మందిని కూర్చోబెట్టి ఏళ్ల తరబడి కథ చెప్పిన మనిషి ఆయన. చివరి బెంచీలో కునికేవాడిని పేరు పెట్టి పిలవకుండానే లేపడం ఎలాగో ఏ తెలుగు మాష్టారికైనా తెలిసి తీరాలి, లేకపోతే మధ్యాహ్నం పీరియడు గడవదు. ఆ రోజు దర్శకుడి ముందు కూర్చుని ఆయన చేసింది కూడా పాఠం చెప్పడమే అని నా నమ్మకం.

1997లో ఇ.వి.వి. సత్యనారాయణ గారి ‘మా నాన్నకు పెళ్ళి’ వచ్చింది. నేను ఫైనలియర్. మా పెదనాన్న గారి అబ్బాయి తోడు వస్తే భీమవరంలోనే చూశాను. హాల్లో సగం మంది మన కాలేజీ వాళ్లేనేమో అన్నట్టుంది. తాగుబోతు వేషంలో ఎమ్మెస్ గారు తెర మీదికి రాగానే మా ముందు వరసలో ఒకాయన లేచి నిలబడి “మా మాష్టారండీ, మాకు తెలుగు చెప్పారండీ” అని వెనక్కి తిరిగి హాలందరికీ వినపడేలా అరిచాడు. ముప్పై ఏళ్లు ఉంటాయి ఆయనకి. చొక్కా జేబులో పెన్ను ఉంది. అరిచాక కూర్చోలేదు, కళ్లు తుడుచుకుంటూ అలాగే నిలబడ్డాడు. వెనకవాళ్లు కూడా కూర్చోమనలేదు. నేను సినిమా కంటే ఎక్కువగా ఆయన్నే చూశాను. ఒక మాష్టారికి ఇంతకంటే ఏం కావాలి అనుకున్నాను. టీచర్ అవ్వాలని నేను అనుకున్నది ఆ రోజే.

ఆ వేషానికి ఆయనకు నంది అవార్డు వచ్చింది. అప్పటికి ఆయన వయసు 46. జనం ఆ వయసులో రిటైర్మెంట్‌కి ఎన్నేళ్లుందో లెక్క చూసుకుంటారు. ఇప్పుడు నా వయసు దానికి ఒకటి రెండేళ్లు ఎక్కువ. నెల జీతం వచ్చే ఉద్యోగం వదిలి వెళ్లడానికి, ఇంట్లో ఒప్పించడానికి, కొత్తచోట కుర్రాళ్ల మధ్య మొదటి నుంచి మొదలుపెట్టడానికి ఎంత ధైర్యం కావాలో ఈ వయసుకి వచ్చాకే నాకు సరిగ్గా తెలిసింది.

ఇక ఆయన మాట గురించి. ఇది కొంచెం వివరంగా చెప్పాలి. తాగుబోతు వేషం వేసేవాళ్లు సాధారణంగా అక్షరాలు మింగేస్తారు. నాలుక మడతపడ్డట్టు, మాట అర్థం కాకుండా చేస్తారు. ఎమ్మెస్ గారి తాగుబోతు అలా మాట్లాడడు. అచ్చును సాగదీస్తాడు, హల్లును వదలడు. ఒత్తు ఎక్కడుందో అక్కడ పడుతుంది. తూలుతున్న మనిషి నోట్లోంచి కూడా తెలుగు నిటారుగా నిలబడి వస్తుంది. పద్యం పైకి చదవడం వచ్చినవాడికి తప్ప అది చేతకాదు.

రెండో సంగతి, ఆయన ఆగే చోటు. మన భాషలో క్రియ చివర్న వస్తుంది. మనిషి వెళ్లాడో, వెళ్లలేదో, వెళ్లబోతున్నాడో ఆఖరి మాట వచ్చేదాకా వినేవాడికి తెలీదు. ఎమ్మెస్ గారు సరిగ్గా ఆ క్రియ ముందు ఆగుతారు. ఎదుటి మనిషి ముఖంలోకి చూస్తారు, కనుబొమ్మ కొంచెం పైకి లేస్తుంది, హాలు మొత్తం ఆ మాట కోసం ముందుకు వంగుతుంది. అప్పుడు మెల్లగా, ఏమీ ఎరగనట్టు, క్రియ వదుల్తారు. నవ్వు అక్కడ పేలుతుంది. పద్యానికి అన్వయం చెప్పేటప్పుడు మాష్టారు “మరి క్రియ ఎక్కడుందర్రా?” అని అడిగి ఒక్క క్షణం ఆగుతారే, అచ్చంగా అదే ఆగడం.

డిగ్రీ తర్వాత నేను ఎం.ఎ. తెలుగు, ఆపైన పండిట్ ట్రైనింగ్ చేశాను. మొదట ఒక ప్రైవేటు స్కూల్లో చేరాను. అక్కడ పరీక్షలు దగ్గర పడుతున్నాయంటే చాలు, తెలుగు పీరియడ్లు తీసేసి లెక్కలకీ సైన్సుకీ ఇచ్చేవారు. “తెలుగే కదండీ, వాళ్లే చదువుకుంటారు” అనేవారు. ఆ ‘తెలుగే కదండీ’ అన్న మాట రెండేళ్లు రోజూ విన్నాను. ఇంటికెళ్లి ఏడ్చిన రోజులున్నాయి. తర్వాత డీఎస్సీలో సెలెక్టయి జిల్లా పరిషత్ హైస్కూలుకి వచ్చాను.

అక్కడ నాకిచ్చింది తొమ్మిదో తరగతికి అన్నం బెల్లు తర్వాత పీరియడు. వేసవి ముందు రోజులు, ఫ్యాన్లు లేవు, పిల్లలు కడుపు నిండా తిని కూర్చున్నారు. గసడదవాదేశ సంధి చెప్పాలి. రెండు రోజులు గొంతు పోయేలా చెప్పాను, ఒక్కడికీ ఎక్కలేదు. మూడో రోజు బోర్డు మీద ‘వాడు పోయె’ అని రాసి, పలకకుండా, ఒక పిల్లాడి ముఖంలోకి చూస్తూ నిలబడ్డాను. ఐదు క్షణాలు. క్లాసు నిశ్శబ్దమైపోయింది. “వాడు...” అని సాగదీసి మళ్లీ ఆగాను. అప్పుడు మెల్లగా “...వోయె” అన్నాను. నిద్రలో ఉన్నవాళ్లు కూడా నవ్వారు. ‘ప’ ఎందుకు ‘వ’ అయిందని వాళ్లే అడిగారు. ఆ తర్వాత చెప్పడం పది నిమిషాల పని. బయటికి వెళ్తూ వెనక బెంచీ పిల్లాడు “ఎమ్మెస్ నారాయణలా చెప్పారండి మేడమ్” అన్నాడు. వాడికి తెలీదు వాడు నాకిచ్చింది ఎంత పెద్ద బహుమతో.

మిగతా కెరీర్ అందరికీ తెలిసిందే. దాదాపు 700 సినిమాలు, ఐదు నందులు. ‘కొడుకు’, ‘భజంత్రీలు’ అని రెండు సినిమాలకు దర్శకత్వం వహించారు. అవి ఆడకపోయినా ఆయనలోని రచయిత ఊరుకోలేదు కాబట్టే తీశారని నేను అనుకుంటాను. నాకు బాగా ఇష్టమైనది 2011లో వచ్చిన ‘దూకుడు’లో బొక్కా వెంకట్రావు. హీరో అవ్వాలన్న కోరికతోనే వయసు గడిచిపోయిన మనిషి. పెద్ద పెద్ద హీరోల డైలాగులు ఒకదాని తర్వాత ఒకటి చెప్తాడు. ప్రతి హీరోదీ ఒక యాస, ఒక విరుపు. ఎవరిది వాళ్లదిగా వినిపిస్తుంది. వెటకారం చేస్తున్నట్టు కాదు, వాడు నిజంగా నమ్మి చెప్తున్నట్టు ఉంటుంది. కళ్లలో ఆ ఆశ చూడండి ఈసారి. అదే సినిమాలో బ్రహ్మానందం గారు కూడా ఉన్నారు. అత్తిలి మాష్టారు, భీమవరం మాష్టారు. థియేటర్లో నాకు మా ప్యాసింజరు బండి గుర్తొచ్చింది.

ఆయన్ని ‘తాగుబోతు కమెడియన్’ అని ఒక్క ముక్కలో తేల్చేసేవాళ్లంటే నాకు కోపం. టీవీలో ఆ మాట విన్నప్పుడల్లా బాధపడతాను. సూత్రాలూ పద్యాలూ నోటికి పట్టించుకుని, ఏళ్ల తరబడి పిల్లలకు చెప్పి, రాసి, నలభైల్లో వేషం కట్టిన పండితుడాయన.

2015 సంక్రాంతికి ఆయన భీమవరం వచ్చారు. పండగకి ఊరు వచ్చిన మనిషి ఇక్కడే జబ్బుపడ్డారు. జనవరి 23న హైదరాబాద్‌లో పోయారు. ఆ రోజు శుక్రవారం. మర్నాడు వసంత పంచమి. స్కూల్లో సరస్వతి పటానికి పూలదండ వేసి, చిన్నపిల్లలకి పలకలు ఇస్తున్నాం. నాకు చెయ్యి ఆడలేదు. మొదటి పీరియడు తొమ్మిదో తరగతిలోకి వెళ్లి బోర్డు మీద ఇలా రాశాను:

మైలవరపు సూర్యనారాయణ, భాషా ప్రవీణ
తెలుగు అధ్యాపకులు, భీమవరం

“ఎవరర్రా ఈయన?” అని అడిగాను. ఎవరికీ తెలీదు. ఏదో పాత కవి అనుకుని ఒకమ్మాయి నోట్సు తీసి రాసుకోవడం మొదలుపెట్టింది. అప్పుడు పేరు చెప్పాను. క్లాసంతా ఒక్కసారి గొల్లున నవ్వింది, ఆ వెంటనే నిన్నటి వార్త గుర్తొచ్చి చప్పున ఆగిపోయింది. ఆ అమ్మాయి మాత్రం తల ఎత్తకుండా, బోర్డు మీదున్న రెండు లైన్లూ పూర్తిగా రాసుకుంది.