రెండో చెయ్యి ఎవరు కడతారు?

పోయిన శ్రావణంలో ఒక ఆదివారం పొద్దున్న, ఆరు కూడా కాకముందే, మా అపార్ట్‌మెంట్ మూడో అంతస్తు మెట్ల మీద రెండు చేతులకీ బాక్సింగ్ గ్లవ్స్‌తో ఇరవై నిమిషాలు కూర్చున్నాను. ఇంటి తాళంచెవి ట్రాక్ ప్యాంటు జేబులో ఉంది. ఆ జేబులోకి గ్లవ్ దూరదు. గ్లవ్ విప్పుదామంటే లేసు ముడి చెమటకి తడిసి బిగుసుకుపోయింది. గోళ్లతో లాగినా కష్టమే, ఆ టైములో నాకు గోళ్లు కూడా లేవు. పళ్లతో పట్టుకుని గుంజాను. కుడి దవడలో టక్‌మంది. రెండేళ్ల కింద రూట్ కెనాల్ చేయించుకున్నప్పుడు వేసిన క్యాప్ ఊడి నాలుక మీద పడింది. దాన్ని తీసి ఎక్కడైనా పెట్టుకుందామన్నా చేతులు ఖాళీ లేవు కదా. బుగ్గలో పెట్టుకుని కూర్చున్నాను.

మెట్లు తుడవడానికి బకెట్‌తో వచ్చిన వాచ్‌మన్ భార్య నన్ను చూసి, "ఏటి మేడమ్, చేతులెవురు కట్టేసినారు?" అంది. నోట్లో క్యాప్ ఉంది కాబట్టి నేను చెప్పింది ఆమెకి సగమే అర్థమైంది. అయినా జడలోంచి పిన్ను తీసి, ముడి సందులో గుచ్చి, రెండు తిప్పుల్లో వదులు చేసేసింది. మర్నాడు పళ్ల డాక్టరు గారు ఏం కొరికారమ్మా అని అడిగితే లేసు అన్నాను. బూటు లేసా అన్నారు. కాదండీ చేతి లేసు అన్నాను. ఆయన ఇంకేమీ అడగలేదు.

ఈ పోస్టు ఆ ముడి గురించే. గ్లవ్స్ లేసులు ఎవరి సాయం లేకుండా కట్టుకోవడానికి నాకు రెండు నెలలు పట్టింది.

నేను బాక్సింగ్ మొదలుపెట్టింది ముప్పై అయిదేళ్లు దాటాక. 2022 మేలో నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ ఇస్తాంబుల్‌లో 52 కిలోల విభాగంలో ప్రపంచ చాంపియన్ అయింది. ఆ ఊపులో హైదరాబాద్‌లో మా బ్యాంకు బ్రాంచి పక్క సందులో ఉన్న జిమ్‌లో చేరిపోయాను. పైకి బరువు తగ్గడానికని చెప్పుకున్నాను, బరువు మాత్రం ఏమీ తగ్గలేదు. మూడేళ్ల తర్వాత విజయనగరం ట్రాన్స్‌ఫర్ వచ్చింది. వచ్చేటప్పుడు, రోజూ నాతో స్పారింగ్ (ప్రాక్టీసు కోసం ఆడే పోటీ) చేసిన అమ్మాయి తన 14 ఔన్సుల లేసు గ్లవ్స్ నాకిచ్చేసింది. ఒక్కోటీ దాదాపు 400 గ్రాములుంటుంది. వాడి వాడి తోలు మెత్తబడి, మడత దగ్గర నల్లబడి, చెయ్యి పెడితే ఎవరో పట్టుకున్నట్టే ఉంటుంది.

జిమ్‌లో ఉన్నన్నాళ్లూ లేసు గురించి ఒక్కసారి కూడా ఆలోచించలేదు. చేతులు ముందుకు చాపి నిలబడితే చాలు, గాజులమ్మే ఆవిడ ముందు కూర్చున్నట్టు. ఎవరో ఒకరు వచ్చి, అరచేతి దగ్గర్నుంచి మణికట్టు దాకా ఒక్కో వరసా బిగించి, చివర రెండు చుట్లు చుట్టి టేపు వేసి, వీపు మీద ఒక్కటి చరిచి పంపేవారు. ప్రొఫెషనల్ బౌట్లలో కూడా అంతే. బాక్సర్ తన గ్లవ్స్ తను కట్టుకోడు. ట్రైనర్ కడతాడు, ఎదుటి బాక్సర్ తరఫు మనిషి పక్కన నిలబడి చూస్తాడు, అధికారులు టేపు మీద సంతకం పెడతారు. ఈ కాపలాకి కారణాలున్నాయి. 1983లో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో లూయిస్ రెస్టో అనే బాక్సర్ గ్లవ్స్‌లోంచి లోపలి మెత్త తీసేసి రింగులోకి పంపారు. ఎదుటివాడు బిల్లీ కాలిన్స్ కళ్లు పాడై మళ్లీ పోటీకి దిగలేకపోయాడు. రెస్టో, అతని ట్రైనర్ ఇద్దరూ జైలుకెళ్లారు. అందుకే లేసు గ్లవ్ కట్టేది ఒకరు, చూసేది ఇంకొకరు. ఇక్కడ నాలా టెర్రస్ మీద ఒంటరిగా పంచింగ్ బ్యాగ్ (వేలాడదీసి గుద్దే సంచి) కొట్టుకునేవాళ్లు ఆ పద్ధతి లెక్కలోనే లేరు.

"ఇంత గొడవెందుకు, వెల్క్రోవి (అంటించే పట్టీ ఉన్నవి) కొనుక్కోవచ్చు కదా" అని మా అక్క ఫోన్లో అడిగింది. అడగాల్సిన మాటే. నిఖత్ ఆడే అమెచ్యూర్ పోటీల్లో వాడేవి వెల్క్రో గ్లవ్సే. నా దగ్గర కూడా ఒక జత ఉంది. ఒక్కతే బ్యాగ్ కొట్టుకునే మనిషికి అవి చాలు, అబద్ధమెందుకు. కానీ వెల్క్రో పట్టీ మణికట్టుని ఒక్కచోటే పట్టుకుంటుంది. పైగా నా జుట్టు, టవల్ నూగు, పక్కింటివాళ్లు ఆరేసిన చీర అంచు దారం, కనిపించినదల్లా అంటించుకుంటుంది. ఏడాదికి పట్టు వదిలేసి మూడో రౌండ్‌లో బర్రుమని ఊడుతుంది. లేసు అయితే అరచేతి మడత నుంచి మోచేతి వైపు దాకా అన్ని కన్నాల దగ్గరా సమానంగా బిగుస్తుంది. హుక్ (పక్కనుంచి వంపుగా వేసే దెబ్బ) కొట్టినప్పుడు మణికట్టు మడత పడదు. ఒకసారి అలవాటైతే వెల్క్రో వేసుకున్న చెయ్యి చెప్పులేసుకుని పరిగెత్తుతున్న కాలులా అనిపిస్తుంది.

లేసు గ్లవ్‌ని వెల్క్రోగా మార్చే పట్టీలు కూడా దొరుకుతాయి. చూశాను. పట్టుచీరకి జిప్పు కుట్టించినట్టుంటుంది. కొనలేదు.

ఎడమ చేతికి ఇబ్బంది లేదు. కుడి చెయ్యి ఖాళీగా ఉంటుంది, బిగించుకోవచ్చు. గొడవంతా రెండో చేతితోనే. అప్పటికే ఎడమ చెయ్యి తోలు ముద్దయిపోయి ఉంటుంది, దానితో లేసు కొస కాదు కదా, చీపురు కూడా పట్టుకోలేం. మొదట్లో పళ్లతో పని కానిచ్చేదాన్ని. అది ఎక్కడికి దారి తీసిందో చెప్పాను. మొదటి వారం ఒకరోజు ఫోన్లో టైము పెట్టి చూస్తే గ్లవ్స్ కట్టుకోవడానికి 14 నిమిషాలు పట్టింది, ఆ తర్వాత కొట్టింది మూడు నిమిషాల చొప్పున మూడు రౌండ్లు.

కిటుకు నాకు ఆలస్యంగా తెలిసింది. కుడి గ్లవ్ పని దాన్ని తొడుక్కోక ముందే అయిపోవాలి.

ముందు రెండు చేతులకీ గ్లవ్ లోపల ఉండే గుడ్డ పట్టీలు చుట్టుకుంటాను, ఒక్కోటీ 180 అంగుళాలు, అంటే నాలుగున్నర మీటర్లు. అది ఒంటరిగా చెయ్యగలిగిన పనే. తర్వాత కుడి గ్లవ్‌ని కుడిచేతికి ఉత్తుత్తిగా తొడిగి, ఖాళీగా ఉన్న ఎడమచేత్తో కింది వరసలు బిగిస్తాను. పట్టీ చుట్టిన చెయ్యి ఇరుకిరుగ్గా జారేంత వదులు మిగలాలి, అంతకన్నా ఎక్కువ ఉంచితే తర్వాత లాగినా బిగుసుకోదు. పై రెండు వరసలు మాత్రం వదిలేస్తాను. మిగిలిన రెండు కొసలనీ కలిపి చివర్న ముడేస్తే అది పెద్ద ఉచ్చులా వేలాడుతుంది. ఇప్పుడు చెయ్యి బయటికి తీసి గ్లవ్‌ని పక్కన పెట్టి, ఎడమ గ్లవ్ పూర్తిగా కట్టేసుకుంటాను. తర్వాత కుడి గ్లవ్‌ని మోకాళ్ల మధ్య నొక్కిపట్టి చెయ్యి లోపలికి తోస్తాను. వేళ్లు చివరికి తగిలాయో లేదో చూసుకోవాలి, లేకపోతే మొదటి దెబ్బకే బొటనవేలు ఏడుస్తుంది.

ఇక ఉచ్చు. మా టెర్రస్ మీద ట్యాంకు పక్కన నడుమెత్తులో ఒక పాత ఇత్తడి కొళాయి ఉంది, నీళ్లు రావు. ఉచ్చుని దాని మెడకి తగిలిస్తాను. మొదటిరోజు కొళాయికి ఎదురుగా నిలబడి చెయ్యి వెనక్కి గుంజాను. చెయ్యి వచ్చేసింది, గ్లవ్ కొళాయికి వేలాడుతూ ఉండిపోయింది. నిలబడాల్సింది అటు తిరిగి. కొళాయి వెనకుండాలి, మోచెయ్యి కొళాయి వైపు, పిడికిలి అవతలి వైపు. అప్పుడు నెమ్మదిగా పంచ్ వేసినట్టు చెయ్యి ముందుకు తోస్తే గ్లవ్ వేళ్ల మీదికి ఇంకా దిగుతుంది, పై వరసలు క్‌ర్‌ర్ మని బిగుసుకుంటాయి. ఆ బిగువు పోనివ్వకుండా, కవ్వం తిప్పినట్టు చేతిని లేసు చుట్టూ తిప్పాలి. రెండు మూడు చుట్లు మణికట్టు మీద పడేసరికి నేను కొళాయి దగ్గరికొచ్చేస్తాను. ఉచ్చుని ముందు పళ్లతో ఎత్తి (దవడ పళ్లకి ఆ పని అప్పజెప్పడం మానేశాను), ఎడమ గ్లవ్ బొటనవేలితో చుట్ల కిందికి దోపుతాను.

ఇక్కడ మా తాతయ్య గుర్తొస్తాడు. గేదెని రాటకి కట్టేటప్పుడు పలుపు కొసని పూర్తిగా లోపలికి లాగేవాడు కాదు. కొసని మడిచి, ఆ మడతని దోపేవాడు. గేదె ఎంత గుంజినా ముడి బిగుస్తుందే తప్ప ఊడదు, మనిషి కొస పట్టుకుని లాగితే ఒక్క లాగుకి వచ్చేస్తుంది. దూడ మెడకి చుట్టుకున్నప్పుడు క్షణంలో విప్పాలి కదా, అందుకు అనేవాడు. నేను దోపేది కూడా మడతే. విప్పేటప్పుడు కొస కొరికి లాగితే చాలు. చెమటకి తడిసినా ఫరవాలేదు, అక్కడ ముడి ఉంటేగా.

దోపిన లేసు కొట్టేటప్పుడు బయటికి రాకుండా జిమ్‌లో అయితే టేపు వేసేవారు. గ్లవ్స్‌తో టేపు చింపడం అయ్యే పని కాదు. నేను పాత స్కూలు సాక్సు ఒకటి తీసుకుని పాదం భాగం కోసేశాను. మిగిలిన గొట్టాన్ని గ్లవ్ తొడగక ముందే మోచేతి దాకా ఎక్కించి ఉంచుతాను. లేసు దోపడం అయ్యాక అవతలి గ్లవ్‌తో దాన్ని కిందికి దొర్లిస్తే లేసు మీద గట్టిగా కూర్చుంటుంది. రెండు చేతులకీ రెండు. ఒకటి నీలం, ఒకటి తెలుపు, జత దొరకలేదు.

ఇప్పుడు మొత్తానికి నాలుగు నిమిషాలు పడుతుంది. కట్టుకోక ముందు చెయ్యాల్సినవి కూడా నేర్చుకున్నాను. జుట్టు బిగించుకోవాలి, నీళ్ల సీసా మూత తీసి స్ట్రా వెయ్యాలి, ముక్కు చీదుకోవాలి. ముక్కు విషయం చిన్నదనుకోకండి. తాళంచెవి కొళాయి తలకే తగిలిస్తున్నాను.

వెల్క్రో జతకి కూడా ఒక కథ ఉంది. దాని పట్టీ పూర్తిగా చచ్చిపోతే కోసేసి, మణికట్టు దగ్గర తోలుకి రెండు వైపులా వేడి మేకుతో కన్నాలు పెట్టాను. గంటస్తంభం దగ్గర టైలరింగ్ సామాన్ల కొట్లో గుండ్రటి ఎలాస్టిక్ తాడు కొన్నాను, మీటరు పదిహేను రూపాయలు. లంగాకి బొందు ఎక్కించినట్టు పిన్నీసు కట్టి కన్నాల్లోంచి లాగి, శాశ్వతంగా ముడేసేశాను. కట్టనక్కర్లేదు, విప్పనక్కర్లేదు, మేజోడులా తొడుక్కోవడమే. లేసు బిగువు దానికి రాదు. ఎలాస్టిక్ కదా, గట్టి హుక్‌కి సాగుతుంది, మణికట్టు లోపల చుట్టిన గుడ్డ పట్టీ మీదే ఆధారపడాలి. ఒళ్లు బద్ధకంగా ఉన్న రోజుల్లో దానితోనే సరిపెడతాను.

మొన్న ఆ జత గట్టు మీద ఆరబెట్టి ఉంటే వాచ్‌మన్ భార్య చూసింది. వడియాలు పెట్టడానికి పైకొచ్చింది. నన్నడక్కుండానే గాజులు మోచేతి మీదికి తోసుకుని, రెండూ తొడిగేసుకుంది. అర నిమిషం పట్టలేదు. బ్యాగ్‌ని నాలుగు గుద్దింది, ఆగి, పక్కకి తిరిగి ఇంకో రెండు గుద్దింది. తర్వాత గ్లవ్స్ తీసేసి వట్టి చేత్తో బ్యాగ్‌ని పైనుంచి కిందికి తట్టి చూసింది, పరుపు కొనేటప్పుడు తట్టినట్టు.

"లోపలేటి కుక్కినారండీ?"

"పాత గుడ్డలు."

"కిందంతా దిగిపోయి రాయిలాగైపోనాది. పైనంతా డొల్ల. ఇలాగైతే చేతులు ఇరిగిపోతాయి." నా లేసులూ సాక్సులూ కొళాయీ ఆమెకి పెద్ద విశేషంగా ఏమీ అనిపించినట్టు లేదు. వడియాల బట్ట నాలుగు మూలలా రాళ్లు పెట్టి, "మా యింట్లో పాత కోకలు రెండున్నాయి, సాయంత్రం తెస్తాను, విప్పి ఉంచండి" అని కిందికి వెళ్లిపోయింది.

బ్యాగ్‌కి కూడా పైన లేసే. ఆరు కన్నాలు.