కౌంటర్ వెనక నుంచి చూసిన అమెరికా పోలీసు

ఖమ్మం వెళ్ళినప్పుడల్లా ఎవరో ఒకరు అడుగుతారు, అమెరికా పోలీసులు ఎట్లా ఉంటారని. ఏ పోలీసులు అని నేను ఎదురు ప్రశ్న వేస్తాను. వాళ్ళకది వేళాకోళంలా ఉంటుంది గానీ, చెప్పడం మొదలుపెట్టాల్సింది అక్కడి నుంచే. ఈ దేశంలో చిన్నా పెద్దా కలిపి పోలీసు సంస్థలు సుమారు 18,000. వాటన్నిటి మీదా పెత్తనం చేసే హోం మంత్రి లేడు, డీజీపీ లేడు, ఐపీఎస్ లాంటి కేడరూ లేదు. న్యూయార్క్ నగర పోలీసులు ముప్ఫై వేల పైమాటే. ఊళ్ళలోని పోలీసు డిపార్ట్‌మెంట్లలో దాదాపు సగం వాటికి పదిమంది ఆఫీసర్లు కూడా ఉండరు. ఇద్దరూ పోలీసులే, కానీ ఒకరికొకరు ఏమీ కారు.

టెక్సాస్ రాష్ట్రంలో, డాలస్‌కు ఉత్తరాన హైవే పక్కన మాకొక గ్యాస్ స్టేషన్, దాన్ని ఆనుకుని స్టోర్ ఉన్నాయి. పగలు మా ఆయన చూసుకుంటారు, సాయంత్రం నుంచి మూసేదాకా నేను. కాఫీ కోసం వచ్చే యూనిఫారాలను చూసే నేను ఈ వ్యవస్థను నేర్చుకున్నాను. ముదురు నీలం రంగువాళ్ళు సిటీ పోలీసులు. నక్షత్రం బ్యాడ్జి పెట్టుకుని వచ్చేది డెప్యూటీ, అంటే కౌంటీ (మన జిల్లా లాంటిది) పోలీసు పెద్ద అయిన షెరీఫ్ దగ్గర పనిచేసేవాడు. పెద్ద అంచు టోపీ, నలుపూ తెలుపూ కారు అయితే స్టేట్ ట్రూపర్, రాష్ట్ర పోలీసు. అప్పుడప్పుడూ కాన్‌స్టబుల్ వస్తాడు. పేరు విని మన కానిస్టేబుల్ అనుకునేరు, ఇక్కడ అది జనం ఓటేసి ఎన్నుకునే పదవి. ఎయిర్‌పోర్టుకు దాని పోలీసులు, డార్ట్ అనే డాలస్ సిటీ రైళ్ళకు వాటి పోలీసులు, యూనివర్సిటీకి వేరే, కొన్ని స్కూల్ డిస్ట్రిక్టులకు వేరే. 2016 జులై 7న డాలస్ డౌన్‌టౌన్‌లో ఒకడు పోలీసుల మీద కాల్పులు జరిపితే ఐదుగురు చనిపోయారు. వాళ్ళలో ఒకరు డార్ట్ పోలీసు.

మా స్టోర్ సిటీ హద్దులో ఉంది. రోడ్డు దాటితే ఊరి హద్దు అయిపోయి షెరీఫ్ చూసే కౌంటీ ప్రాంతం. పంపు దగ్గర ఇద్దరు కొట్టుకుంటే సిటీ వాళ్ళు వస్తారు, అదే గొడవ అవతలి ఖాళీ స్థలంలో జరిగితే డెప్యూటీ. ఇందులో ఇంకో మెలిక ఉంది. మనవాళ్ళు ఎక్కువగా ఉండే ఫ్రిస్కోనే తీసుకోండి. ఊరు సగం కాలిన్ కౌంటీలో, సగం డెంటన్ కౌంటీలో ఉంటుంది. పట్టుకునేది ఒకే సిటీ పోలీసు అయినా, ఏ వీధిలో దొరికాడన్నదాన్ని బట్టి కేసు ఒక కౌంటీ ప్రాసిక్యూటర్ దగ్గరికో మరో కౌంటీ ప్రాసిక్యూటర్ దగ్గరికో వెళుతుంది. అత్యవసర నంబరు 911కి ఫోన్ చేస్తే చాలాసార్లు ఏం జరిగిందని కంటే ముందు ఎక్కడున్నారని అడిగేది అందుకే. కాల్ పక్క ఊరి కేంద్రానికి తగిలినా, తిట్టి పెట్టేయరు, వాళ్ళే కలుపుతారు. 2019లో శంషాబాద్ దగ్గర జరిగిన ఘోరం తరువాత జీరో ఎఫ్ఐఆర్ అన్న మాట మన దగ్గర ఇంటింటికీ తెలిసింది కదా. "మా పరిధి కాదు" అనే రోగం ఎక్కడైనా పుట్టేదే. ఇన్ని పరిధులున్న చోట దానికి మందు ముందే వెతుక్కోక తప్పలేదు.

షెరీఫ్ సంగతి వినగానే మా నాన్న నమ్మలేదు. టెక్సాస్‌లో 254 కౌంటీలు, 254 మంది షెరీఫులు. నాలుగేళ్ళకోసారి పార్టీ గుర్తింపుతో పోటీ చేసి గెలవాలి. ఎన్నికలప్పుడు ఇళ్ళ ముందు గడ్డిలో ఆయన పేరు రాసిన బోర్డులు పాతుతారు. కౌంటీ జైలు నడిపేది ఆయనే. ఊరి హద్దుల్లోకి రాని ప్రాంతంలో గస్తీ కూడా ఆయన మనుషులదే. గవర్నర్‌కు కోపమొస్తే రాత్రికి రాత్రి బదిలీ చేయడం కుదరదు. సిటీ చీఫ్ కథ వేరు. మా వైపు ఊళ్ళలో సిటీ మేనేజర్, అంటే ఊరి పాలన నడిపే ఉద్యోగి, ప్రకటన ఇచ్చి, వేరే రాష్ట్రం నుంచైనా సరే, తగినవాణ్ణి తెచ్చుకుంటాడు. అందుకని ఎమ్మెల్యేతో ఒక్క ఫోన్ కొట్టించి పని జరిపించుకునే దారి ఇక్కడ లేదు. ఫోన్ చేయాల్సిన మనిషెవరో తేలదు మరి. కౌన్సిల్ మీటింగ్‌కు వెళ్ళి ఇచ్చిన రెండు మూడు నిమిషాల్లో మన గోడు చెప్పుకోవచ్చు. నేను వెళ్ళాను, మా వీధి దీపాల గురించి. పోలీసు బడ్జెట్ గురించి ఒక ముసలాయన లెక్కలు చదువుతుంటే చీఫ్ బుద్ధిగా రాసుకుంటున్నాడు. మన దగ్గర 1861 పోలీసు చట్టం నాటి నుంచీ పైనుంచి కిందికి దిగే నిచ్చెన అలవాటు. ఇక్కడ 1838లో బోస్టన్, 1845లో న్యూయార్క్, ఏ ఊరికా ఊరు తన పోలీసును తానే తయారు చేసుకుంది. అమెరికా దక్షిణాదిన పారిపోయిన బానిసలను పట్టే గస్తీ దళాలు అంతకంటే ముందునుంచే ఉన్నాయి, ఆ వారసత్వం గురించి నల్లజాతి కస్టమర్లు నాకంటే బాగా చెబుతారు.

ఇదంతా బాగానే ఉందనుకునేవాళ్ళు ఉవాల్డే గుర్తు చేసుకోవాలి. 2022 మే 24న ఆ ఊరి ప్రైమరీ స్కూల్లో 19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు హతమయ్యారు. బడి దగ్గరికి చేరిన పోలీసులు 376 మందని టెక్సాస్ శాసనసభ కమిటీ లెక్క తేల్చింది. బోర్డర్ పట్రోల్, స్టేట్ ట్రూపర్లు, షెరీఫ్ మనుషులు, సిటీ పోలీసులు, బడికి సొంతంగా ఉన్న చిన్న పోలీసు దళం, అందరూ ఉన్నారు. హంతకుణ్ణి కాల్చేసరికి 77 నిమిషాలు. ముందు నిలబడి ఆజ్ఞ ఇవ్వాల్సింది ఎవరన్నది అక్కడ తేలలేదు. ఒక్క యజమాని లేకపోవడం వల్ల మామూలు రోజుల్లో జనం మీద ఒకడి చెయ్యి పడదు, నిజమే. ఆ రోజు ఆ లేకపోవడమే పిల్లల ప్రాణం తీసిందని నా అభిప్రాయం. ఆ వారమంతా కౌంటర్ దగ్గర డెప్యూటీలు తల వంచుకుని కాఫీ పోసుకున్నారు. ఇంకో జబ్బు కూడా ఇందులోంచే పుట్టింది, ఒక ఊళ్ళో ఉద్యోగం పోగొట్టుకున్న పోలీసు పక్క కౌంటీలో మళ్ళీ బ్యాడ్జి తగిలించుకోవడం.

నా వ్యాపారానికొస్తే, నాకు నిద్ర పట్టనివ్వనిది సిటీ పోలీసు కాదు, టీఏబీసీ. టెక్సాస్‌లో మద్యం అమ్మకాలను చూసే సంస్థ అది, దానికీ తుపాకులు పెట్టుకున్న ఏజెంట్లున్నారు. 21 నిండని కుర్రాణ్ణి లోపలికి పంపి బీరు కొనమంటారు. ఐడీ అడగకుండా అమ్మితే కౌంటర్లో ఉన్న మనిషి మీద కేసు. క్లాస్ ఏ మిస్‌డిమీనర్, అంటే చిన్న నేరాల్లో పై మెట్టు, ఏడాది దాకా జైలు, 4,000 డాలర్ల దాకా జరిమానా. "అక్కా, ఐడీ రూమ్‌లో మర్చిపోయా, నేను తెలుగే కదా" అనే తమ్ముళ్ళకు నా జవాబు ఒక్కటే, రూమ్‌కెళ్ళి తెచ్చుకో నాన్నా. ఆదివారం పొద్దున పదింటిలోపు బీరు అమ్మకూడదన్న సంగతి కూడా నేనే చెప్పాలి. దొంగ నోటు వస్తే అది సీక్రెట్ సర్వీస్ పరిధి. ప్రెసిడెంటుకు కాపలా కాసేవాళ్ళకు మా ఇరవై డాలర్ల నోటుతో ఏం పని అనుకుంటాం గానీ, 1865లో ఆ సంస్థను పెట్టిందే దొంగ నోట్లు పట్టడానికి. పంపుల్లో కార్డు దొంగిలించే స్కిమ్మర్లు పెడితే కూడా వాళ్ళు వస్తారు.

చిల్లర దొంగతనాల గురించి ఒక్క మాట. వంద డాలర్ల లోపైతే క్లాస్ సీ, చిన్న నేరాల్లో కింది మెట్టు, అంటే ఎక్కువగా ఒక టికెట్‌తో (జరిమానా చీటీతో) సరి. పట్టుకున్నవాణ్ణి లోపలేసి నాలుగు తగిలిస్తారని ఎదురుచూస్తే నిరాశే. "మళ్ళీ మీ స్టోర్‌లో అడుగు పెట్టకూడదని వార్నింగ్ ఇవ్వమంటారా మ్యామ్?" అని అడుగుతారు. ఇవ్వమంటే కాగితం మీద పెడతారు. మళ్ళీ వస్తే అరెస్టు చేయొచ్చు. ఇది బాగానే పనిచేస్తుంది.

మనవాళ్ళకు బొత్తిగా అర్థం కానిది రాజీ కుదరకపోవడం. అపార్ట్‌మెంట్లో మొగుడూ పెళ్ళాల అరుపులు విని పక్కింటివాళ్ళు 911కి చేస్తారు. మా కస్టమర్ ఒకతనికి ఇలాగే అయింది. పోలీసులు ఇద్దర్నీ విడివిడిగా మాట్లాడించారు, ఆమె చెంప మీద గుర్తు చూశారు, అతన్ని తీసుకెళ్ళారు. మెజిస్ట్రేట్ ప్రొటెక్టివ్ ఆర్డర్ ఇచ్చాడు, కొన్ని వారాలపాటు ఇంటి గడప తొక్కకూడదని. మర్నాడు ఆమే వెళ్ళి కేసు వెనక్కి తీసుకుంటానంది. కేసు ఆమెది కాదన్నారు. కాగితాల మీద ఉండేది టెక్సాస్ రాష్ట్రం పేరు, నడపాలా మానాలా తేల్చేది డిస్ట్రిక్ట్ అటార్నీ. ఆయన కూడా ఓట్లతో గెలిచినవాడే. పెద్ద నేరమైతే ముందు మామూలు జనంతో ఏర్పడే గ్రాండ్ జ్యూరీ ఒప్పుకోవాలి. పట్టుకున్న పోలీసు చేతిలో అప్పటికి ఏమీ మిగలదు, సాక్షిగా రావడం తప్ప. వాళ్ళ మామగారు ఇండియా నుంచి ఫోన్ చేసి, అక్కడ పలుకుబడి ఉన్నవాళ్ళెవరో చెప్పమని నన్నడిగారు. మంచి లాయర్ పేరు చెప్పాను. గృహహింస నేరం రుజువైతే గ్రీన్ కార్డున్నవాళ్ళను కూడా దేశం నుంచి పంపించవచ్చు. నేరం ఒప్పుకుంటే ఇమ్మిగ్రేషన్‌కు ఏమవుతుందో లాయర్ ముందే చెప్పి తీరాలని సుప్రీంకోర్టు 2010లో తీర్పిచ్చింది, ఆ సలహా తీసుకోకుండా చౌకలో సంతకం పెట్టి బయటపడదామనుకోవద్దు. ఇంత కఠినం అవసరమా అని మా ఆయన అంటారు. అవసరమే అంటాను. పెద్దమనుషుల్లో కూర్చోబెట్టి, సర్దుకుపొమ్మని పంపిస్తే ఎవరు సర్దుకుంటారో నేను మా ఊళ్ళో చూసే వచ్చాను.

కారు ఆపినప్పటి సంగతి. మా మామగారు వచ్చిన కొత్తలో మమ్మల్ని ట్రూపర్ ఆపితే, ఆయన మర్యాద కొద్దీ తలుపు తీసి దిగి దణ్ణం పెట్టబోయారు. వెనక నుంచి గావుకేక. ట్రూపర్ భయం నాకు అర్థమైంది. 2021 సెప్టెంబరు నుంచి టెక్సాస్‌లో 21 దాటినవాళ్ళు చాలామంది లైసెన్సు లేకుండానే చేతి తుపాకీ పెట్టుకోవచ్చు. దిగుతున్న మనిషి చేతిలో ఏముందో ఆయనకేం తెలుసు? కదలకండి, చేతులు స్టీరింగ్ మీద పెట్టండి, ఇన్సూరెన్స్ కాగితం కోసం గ్లవ్‌బాక్స్ తెరిచే ముందు చెప్పి తెరవండి. 2017లో చేసిన చట్టం పుణ్యమా అని ఇది ఇక్కడ హైస్కూల్ పిల్లలకు పాఠమే. మా అబ్బాయి నేర్చుకొచ్చి మాకు చెప్పాడు. ఇంకో రెండు. పర్సులోంచి నోటు తీయడం కలలో కూడా వద్దు, లంచం ఇవ్వజూపడం ఇక్కడ రెండేళ్ళ నుంచి ఇరవై ఏళ్ళ దాకా శిక్ష పడే నేరం. అరెస్టు చేస్తూ హక్కులు చదవలేదు కాబట్టి కేసు కొట్టేస్తారన్నది సినిమా జ్ఞానం. 1966 మిరాండా తీర్పు అదుపులో పెట్టుకుని ప్రశ్నించడానికే వర్తిస్తుంది. రోడ్డు పక్కన మనంతట మనం "కొంచెం స్పీడుగానే వచ్చానండీ" అన్నది ఆయన ఛాతీ మీది కెమెరా రాసుకుంటూనే ఉంటుంది.

ఈ మధ్య స్టోర్‌కొచ్చే పిల్లల భయమంతా ఐస్ గురించి. 2003లో పుట్టిన సంస్థ అది, ఇమ్మిగ్రేషన్ చట్టం దాని పని. వాళ్ళ చొక్కాల మీద కూడా పోలీస్ అనే రాసి ఉంటుంది కాబట్టి సిటీ వాళ్ళా వాళ్ళా అని తడబడతారు. తలుపు తట్టితే వారెంటు మీద జడ్జి సంతకం ఉందో లేదో చూడమని లాయర్లు చెబుతారు, దాన్నే నేనూ చెబుతాను. పద్దెనిమిది దాటిన విదేశీయులు దేశంలోకి వచ్చినట్టు చూపే ఐ-94 గానీ గ్రీన్ కార్డు గానీ వెంట ఉంచుకోవాలన్న నియమం ఎప్పటిదో. వీకెండ్ షిఫ్టు ఏమైనా ఉందా అక్కా అని అడిగే ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) పిల్లలకు లేదనే అంటాను. అది వాళ్ళ వీసాకూ మంచిది కాదు, రాత్రిపూట తుపాకీ చూపించేవాడు వస్తే నేను వాళ్ళమ్మకు ఏం చెప్పాలి?

టికెట్ పడితే కంగారుపడి అక్కడే వాదించకండి. దాని మీద ఏ కోర్టో రాసి ఉంటుంది. సిటీ పోలీసు రాస్తే మునిసిపల్ కోర్టు, డెప్యూటీగానీ ట్రూపర్‌గానీ రాస్తే జస్టిస్ ఆఫ్ ది పీస్ అనే చిన్న కేసుల జడ్జి కోర్టు. ఆ జస్టిస్ కూడా ఎన్నికైనవాడే, లా చదివి ఉండాలన్న రూలు కూడా లేదు. స్పీడు హద్దు మీద 25 మైళ్ళ కంటే తక్కువే ఎక్కువైతే, గత ఏడాదిలో వాడుకుని ఉండకపోతే, గడువు తేదీలోపే డిఫెన్సివ్ డ్రైవింగ్ అనే క్లాసు అడగండి. ఆన్‌లైన్లో ఆరు గంటలు కూర్చోవాలి, విసుగే, కానీ ఇన్సూరెన్స్ పెరగదు.