‘ఐదు రోజుల’ సందేశానికి జవాబు చెప్పిన అనుభవం

పద్దెనిమిదేళ్లు నిండిన వారందరూ 2021 ఏప్రిల్ 28 నుంచి కోవిడ్ టీకా కోసం ప్రభుత్వ వెబ్‌సైటు కొవిన్‌లో పేర్లు నమోదు చేసుకోవచ్చని ప్రకటన వెలువడిన రోజుల్లోనే, మా డిగ్రీ కళాశాల అమ్మాయిల వాట్సాప్ గ్రూపులోకి ఒక సందేశం వచ్చింది. నెలసరికి ఐదు రోజుల ముందు, ఐదు రోజుల తరువాత కోవిడ్ టీకా వేయించుకోకూడదని, ఆ రోజుల్లో రోగనిరోధక శక్తి తగ్గి ఉంటుందని, తెలిసిన ఆడపిల్లలందరికీ ఈ సంగతి చెప్పమని అందులో ఉంది. పైన రెండు బాణాల గుర్తు ఉండటంతో, అది అప్పటికే చాలా చేతులు మారి వచ్చిందని అర్థమైంది. నేను అప్పుడు రెండో సంవత్సరం విద్యార్థినిని, మా ఎన్ఎస్ఎస్ (జాతీయ సేవా పథకం) యూనిట్ వాలంటీర్లకు నాయకురాలిని.

అది అబద్ధమని కేంద్ర ప్రభుత్వ పీఐబీ ఫ్యాక్ట్‌చెక్ విభాగం ప్రకటించింది. ఆ ప్రకటనను గ్రూపులో పెట్టి, ‘ఇది ఫేక్, ఎవరూ నమ్మవద్దు’ అని రాసి ఊరుకున్నాను. మర్నాడు అదే సందేశం మరో అమ్మాయి నుంచి మళ్లీ వచ్చింది. ఫోన్ చేసి ఎందుకు పంపావని అడిగితే, “నిజమో కాదో నాకు తెలియదే. రేపు మా అక్కకు ఏమైనా అయితే ముందే చెప్పలేదని బాధపడాలి కదా” అంది. అంత ఆపేక్షతో పంపిన మనిషికి నేను ఇచ్చిన జవాబు ఒక్క ‘ఫేక్’ అన్న ముద్ర అని అప్పుడు తెలిసివచ్చింది.

ఆ తరువాత ఆరుగురు వాలంటీర్లం క్లాసుల వారీగా పంచుకుని అమ్మాయిలతో విడివిడిగా ఫోన్లో మాట్లాడాము, ఎందుకంటే ఇలాంటి సందేహాన్ని గ్రూపులో ఎవరూ అడగరు. రక్తస్రావం ఎక్కువవుతుందా, పెళ్లయ్యాక పిల్లలు పుడతారా అన్నవే ఎక్కువ మంది ప్రశ్నలు. వాటన్నిటినీ కాగితం మీద రాసుకుని, మా మండలంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరమ్మ దగ్గరకు వెళ్లాము. కొవాగ్జిన్‌లో ఉన్నది నిర్జీవం చేసిన వైరస్ అని, కొవిషీల్డ్‌లో ఉన్నది ఒంట్లో వృద్ధి చెందలేని వేరే వైరస్ అని, ఏదీ కోవిడ్ తెప్పించలేదని, టీకా ఇచ్చే రక్షణ కొన్ని వారాల పాటు తయారవుతుంది కాబట్టి ఏ రోజు వేయించుకున్నా ఫరవాలేదని ఆమె ఓపికగా చెప్పారు. పక్కనే ఉన్న ఏఎన్ఎం గారు చెప్పిన మాట మాత్రం మా పని తేలిక చేసింది: “జనవరి 16న టీకాలు మొదలైనప్పుడు ముందు చెయ్యి చాపింది మేమే కదమ్మా, నర్సులం, ఆశా వర్కర్లం. తేదీలు చూసుకుని వేయించుకున్నామా?” ఆమె అనుమతితో ఆ మాటలను ఒక నిమిషం వాయిస్ మెసేజ్‌గా రికార్డు చేశాము.

దానిని అబ్బాయిలు కూడా ఉన్న కళాశాల గ్రూపులో పెడితే, ఆడవాళ్ల విషయాలు అందరి ముందూ ఎందుకని ఒక పెద్దాయన తీసివేయించారు. అది నన్ను చాలా బాధించింది, ఎందుకంటే మా మగపిల్లల ఇళ్లలోనూ అమ్మలూ అక్కలూ ఉన్నారు. చివరికి మగ వాలంటీర్లే ఒక్కొక్కరు తమ ఇంటి ఆడవాళ్లకు దానిని వినిపించారు.

ఆ సందేశం ఎంత లోతుకు దిగిందో జూన్‌లో తెలిసింది. ఐదేళ్లలోపు పిల్లలున్న తల్లులకు టీకా వేయాలని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నిర్ణయించాక, 20వ తేదీన ప్రత్యేక కార్యక్రమం పెట్టారు. ఆ ఒక్క రోజే రాష్ట్రంలో 13 లక్షలకు పైగా డోసులు వేశారు. ముందు రోజు సాయంత్రం మా వదిన, పాల లెక్క రాసుకునే గోడ క్యాలెండరు ముందు నిలబడి, పెన్సిల్ చుక్క పెట్టుకున్న తేదీ నుంచి వేళ్ల మీద లెక్కపెడుతూ, “నాకు కుదరదమ్మా” అంది. ముందు ఐదు, తరువాత ఐదు, మధ్యలో నెలసరి రోజులు కలిపితే దాదాపు సగం నెల పోతుందని, టీకా మన ఊరికి వచ్చేది మనం చెప్పిన రోజున కాదని ఆమె పక్కనే నిలబడి లెక్క చూపించాను. వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నది. మర్నాడు చంటివాడిని ఎత్తుకుని టీకాలు వేస్తున్న గ్రామ సచివాలయానికి వచ్చింది. ఒక సీసా తెరిస్తే పది మందికి వస్తుంది, నాలుగు గంటల్లో వాడెయ్యాలి కాబట్టి, పదో మనిషి కోసం ఏఎన్ఎం గారు గుమ్మం వైపు చూస్తున్నారు. ఆ పదో మనిషి మా వదినే.

ఇక్కడితో ఆపితే నిజాయితీ కాదు. టీకాకూ నెలసరికీ ఏ సంబంధమూ లేదని నేను చాలామందికి ఖాయంగా చెప్పాను. 2022 జనవరిలో అమెరికాలో సుమారు 4,000 మందిపై జరిగిన అధ్యయనం వెలువడింది. అక్కడి టీకాలు వేయించుకున్న వారిలో నెలసరి సగటున ఒక రోజు కంటే తక్కువ ఆలస్యమైందని, రక్తస్రావం రోజులు మాత్రం పెరగలేదని అందులో తేలింది. హాని లేదన్నది నిజమే, కానీ ఏ మార్పూ ఉండదని అనే హక్కు నాకు లేదు. ఆ సంగతి మా అమ్మాయిల గ్రూపులో, నా పొరపాటు నాదేనని చెబుతూ రాశాను. రాత్రి ఒక అమ్మాయి నాకు విడిగా మెసేజ్ పెట్టింది: “టీకా వేయించుకున్న నెల నాకు నాలుగు రోజులు ఆలస్యమైంది అక్కా. ఏమీ కాదన్నారు కదా, ఇంకెవరినీ అడగలేకపోయాను.” వెంటనే ఆమెకు ఫోన్ చేశాను. చాలాసేపు మాట్లాడుకున్నాము.