తాపీ పట్టుకుని తొట్లకొండకు

విశాఖ పూర్ణా మార్కెట్ దగ్గర ఇనుప సామాన్ల దుకాణంలో తాపీ అడిగితే మొదట అరచేయంత వెడల్పున్నది తీసి ముందు పెట్టారు. "గోడకా, గచ్చుకా అమ్మా?" అని అడిగారు. "మట్టికి" అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, అటక మీది డబ్బాలోంచి ఆకులా మొన తేలిన చిన్న తాపీ తీశారు. నాకు కావలసింది సరిగ్గా అదే. మా వీధిలో ఇల్లు కడుతున్న మేస్త్రీగారు ముందే చెప్పి పంపారు: "పిడి దగ్గర అతుకు లేకుండా ఒకే ముక్కగా ఉన్నది చూసుకోండి టీచరు గారూ. అతికించింది అక్కడే విరుగుతుంది." తిప్పి చూశాను. అతుకు లేదు.

డిసెంబరులో రెండు వారాల పాటు కృష్ణా తీరంలోని ఒక పాటిదిబ్బ (పాతకాలపు ఊరు పూడిపోయిన మట్టిదిబ్బ) మీద జరిగే తవ్వకంలో స్వచ్ఛందంగా పనిచేయబోతున్నాను. ఇరవై రెండేళ్లుగా బడిలో సాంఘికశాస్త్రం చెబుతున్నాను. శాతవాహనులు, స్తూపాలు, రోమన్ వర్తకం అన్నీ నల్లబల్ల మీద రాసినవే తప్ప, వాటిని నేలలో చూసింది లేదు. అక్కడి నుంచి వచ్చిన జాబితాలో తాపీ, మెత్తటి కుంచెలు, అయిదు మీటర్ల టేపు, పురికొస, నిండు చేతుల నూలు దుస్తులు, అంచున్న టోపీ, ధనుర్వాతం సూది వేయించుకోవాలన్న సూచన ఉన్నాయి. ఇవన్నీ రెండు రోజుల్లో సమకూరాయి. చేయి, కన్ను మాత్రం సమకూరలేదు. అందుకే నవంబరులో ఒక ఆదివారం తొట్లకొండకు బయలుదేరాను.

నాతో వచ్చింది మా నాన్నగారి స్నేహితుడు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ తవ్వకాల దగ్గర కొలతలు తీసి బొమ్మలు గీసిన మనిషి. చిన్నప్పటి నుంచి బాబాయిగారూ అని పిలుస్తాను. పొద్దున్నే భీమిలి బస్సెక్కాం. రుషికొండ దాటాక కుడివైపు సముద్రం కిటికీని వదలలేదు. మంగమారిపేట దగ్గర దిగి, ఘాట్ దారిలో నెమ్మదిగా నడిచాం. సముద్రమట్టానికి 128 మీటర్ల ఎత్తే అయినా, ఎనిమిది గంటల ఎండకే చొక్కాలు తడిశాయి.

ఈ కొండ మీద ఇంత పెద్ద బౌద్ధారామం ఉందని 1970లలో నౌకాదళం స్థావరం కోసం విమానం నుంచి సర్వే చేసినప్పుడు బయటపడింది. 1988 నుంచి రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వింది. మహాస్తూపం, చైత్యాలు, భిక్షువుల గదులు, శాతవాహనుల సీసపు నాణేలు, రోమన్ వెండి నాణేలు దొరికాయి. కొండరాతిలో తొలిచిన నీటి తొట్ల వల్లనే ఆ పేరు. కాస్త ఇటుగా ఉన్న బావికొండకూ అలాగే బావుల పేరు. వందల ఏళ్లు ఆరామం సంగతి మరిచిపోయిన జనం కూడా నీళ్ల జాడను మాత్రం పేరులో దాచుకున్నారు. నాకు ఈ కొండ మీద ప్రేమ కలగడానికి ఆ పేరే మొదటి కారణం.

గదుల వరసలో ఒక గోడ ముందు బాబాయిగారు ఆగి, "రెండు మీటర్లు గీయి చూద్దాం" అన్నారు. గోడను ముట్టుకోకుండా ముందు రెండు చిన్న రాళ్ల మధ్య పురికొస లాగాం. రసమట్టం పెట్టి దాన్ని సమం చేశాం. టేపు పక్కనే పరిచి, ప్రతి ఇరవై సెంటీమీటర్లకూ పురికొస నుంచి కిందికి ఎంతుందో కొలిచి గ్రాఫు కాగితం మీద చుక్క పెట్టాలి. నేను మొదటి ఇటుక కొలిచాను. దాని చివర నుంచి రెండోది, దాని చివర నుంచి మూడోది. రెండు మీటర్లు పూర్తయ్యేసరికి నా కాగితం మీద గోడ నాలుగు సెంటీమీటర్లు పొడుగైంది.

"ప్రతిసారీ సున్నా నుంచి కొలవాలమ్మా. ఒక్కో ఇటుక దగ్గరా గింజంత తప్పు చేశావు. అన్నీ ఒకదాని మీద ఒకటి పేరుకున్నాయి" అన్నారాయన. చెరిపేసి మళ్లీ గీశాను. రెండు గంటలు పట్టింది. ఆ రెండు గంటల్లో, అంతకుముందు నాకు ఒకేలా కనిపించిన గోడలో కింది వరసల అరిగిన అంచులు, తర్వాతి రోజుల్లో మరమ్మతు చేసిన వరసలు విడివిడిగా కనిపించసాగాయి. గీయకపోతే అవి నా కంటికి ఆనేవి కావు.

మధ్యాహ్నం పులిహోర తిని దిగుతుంటే, వాన కోసేసిన గట్టులో ఎర్రటి పెంకు ఒకటి బొటనవేలంత బయటికి పొడుచుకొచ్చి కనిపించింది. కుండ అంచు. లోపలివైపు వంపు, దాని మీద చక్రం తిరిగినప్పటి సన్నని గీతలు. ఒక గీత మధ్యలో కుమ్మరి వేలు కాస్త ఆగినట్టు చిన్న గుంట. నా చేయి దానంతటదే ముందుకు వెళ్లింది. బాబాయిగారు మణికట్టు పట్టుకుని ఆపారు.

"అక్కడున్నంతసేపు దానికో చిరునామా ఉంది. ఏ పొర, ఎంత లోతు, పక్కన ఏముందో అన్నీ ఉన్నాయి. నీ సంచిలో పడితే అది ఉత్త పెంకు."

తాపీ పక్కన కొలబద్దలా పెట్టి ఫోనులో ఫొటో తీసి, కింద కావలివారికి ఆ చోటు చూపించి వచ్చాం. రక్షిత స్థలంలో పెంకు తీయడం చట్టానికీ విరుద్ధమే. తవ్వకానికి లైసెన్సు ఉండాలి. కానీ నన్ను ఆపింది చట్టం కాదు, ఆయన చెప్పిన చిరునామా మాటే. తవ్వకమంటే ఒక పుస్తకాన్ని చదువుతూ చదివిన పేజీని చించేయడం లాంటిది. తీసిన పొర మళ్లీ రాదు. అందుకే 1945లో పుదుచ్చేరి దగ్గరి అరికమేడులో, అప్పటి భారత పురావస్తు సర్వే అధిపతి వీలర్ గళ్లు గళ్లుగా తవ్వించి, గళ్ల మధ్య గట్లు వదిలించాడు. ఆ గట్టు ముఖం మీద పొరల వరస చివరిదాకా నిలబడుతుంది.

పాటిదిబ్బ మాట తలచుకుంటే గుండె బరువెక్కుతుంది. పాతకాలపు ఊళ్ల బూడిద, పెంట, ఎముకలు కలిసిన పాటిమట్టి పొలానికి మంచి బలం. మా తాతగారి ఊళ్లో బండ్ల కొద్దీ తోలుకుపోయి చల్లేవారు. చిన్నప్పుడు ఆ మట్టిలో పూసలు ఏరుకుని దండ గుచ్చుకున్నాను. ఆ దండ ఏ కాలానిదో, ఏ ఇంటిదో ఇక ఎవరూ చెప్పలేరు. రైతును తప్పు పట్టను. ఆయనకు ఎవరు చెప్పారు గనుక? నాకూ తెలియదు. అయినా ఆ పూసల లెక్క నా మీద ఉందనే అనుకుంటున్నాను.

సాయంత్రం ఎర్రమట్టి దిబ్బల దగ్గర దిగాం. పొరలు చూడడం నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి బడి విశాఖ చుట్టుపక్కల లేదు. గాలి మోసుకొచ్చి పోసిన ఇసుకే, లోపలి ఇనుము వల్ల ఎర్రబడింది. వాననీరు తొలిచిన సన్నని లోయల్లో నిలబడి చూస్తే పైన లేత పసుపు, కింద ఇటుక ఎరుపు, ఇంకా కింద గోధుమ కలిసిన ఎరుపు. రంగు ఎక్కడ మారుతోందో నోటితో చెబుతూ నడిచాను. ఎండలో తేడా తెలియని చోట, బాబాయిగారు నీడ పట్టి చూడమన్నారు. గొడుగు అడ్డం పెట్టగానే గీత తేలింది. గుడ్డ గొడుగు ఒకటి జాబితాలో నేనే చేర్చుకున్నాను.

మర్నాడు తాపీని మేస్త్రీగారికి చూపించాను. మట్టిని పొడవకూడదు, అంచుతో నా వైపు గీకుతూ పోవాలని చెబితే ఆయన వేలితో అంచు తడిమి, ఆకురాయి తెప్పించి రెండు వైపులా సాన పట్టారు. పిడికి సైకిలు ట్యూబు ముక్క చుట్టారు, చెమటకు జారకుండా. "నెలరోజులు వాడితే ఈ అంచు గుండ్రమవుతుంది. వచ్చాక తీసుకురండి, మళ్లీ పడతాను" అన్నారు. సంచిలో కుంచెల పక్కన దాన్ని పాత పంచె ముక్కలో చుట్టి పెట్టుకున్నాను.